‘గ్రీన్ బాండ్’కి తెలుగు: హరిత బాండా, హరిత రుణపత్రమా?

ప్రశ్న:
గ్రీన్ బాండ్ల (పర్యావరణానికి మేలు చేసే పనుల కోసం అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రాల) మీద ఒక కరపత్రం తెలుగులోకి తేవాలి. ముసాయిదాలో ఒక వాక్యం: “ఇందౌర్ నగరపాలక సంస్థ హరిత బాండ్ల ద్వారా రూ.244 కోట్ల ప్రైవేటు పెట్టుబడి సమకూర్చుకుంది.” ‘హరిత బాండు’ సరిపోతుందా, ‘హరిత రుణపత్రం’ అనాలా?

బదులు 1:
రుణపత్రం అనండి. తెలుగులో ‘బాండు’ ఇప్పటికే చాలా అర్థాలు మోస్తోంది. ‘బాండు పేపరు మీద రాసిచ్చాడు’ అంటే స్టాంపు కాగితం. బెయిలు బాండంటే పూచీకత్తు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసిన ఎన్నికల బాండ్లు విరాళాలు, వాటిలో అప్పే లేదు. ఇన్నిటి మధ్య ‘హరిత బాండు’ అంటే తీర్చాల్సిన బాకీ అని చదివేవాళ్లకు ఎలా తడుతుంది?

బదులు 2:
ఒక అభ్యంతరం అండీ. కామర్స్ పాఠాల్లో రుణపత్రం అంటే డిబెంచరు, అంటే కంపెనీ అప్పు తీసుకుని రాసిచ్చే పత్రం. రెండూ కలిసిపోవా?

బదులు 1:
కలిసినా నష్టం లేదండీ. 2013 కంపెనీల చట్టం ఇచ్చిన నిర్వచనంలో డిబెంచరు కిందికే బాండు కూడా వస్తుంది.

బదులు 3:
నాకు ‘బాండు’ కన్నా ‘పెట్టుబడి’ మీదే పేచీ. మన వాడుకలో పెట్టుబడి పెట్టినవాళ్లకు వాటా ఉంటుంది, లాభనష్టాలు పంచుకుంటారు. ఇక్కడ అదేమీ లేదు. 2023 ఫిబ్రవరిలో ఇందౌర్ అమ్మిన ఒక్కో బాండు ముఖవిలువ రూ.1,000. దాన్ని రూ.250 చొప్పున నాలుగు భాగాలు చేసి 3, 5, 7, 9 ఏళ్లకు అసలు తీరుస్తామన్నారు. వడ్డీ ఏడాదికి 8.25 శాతం, ఆరు నెలలకోసారి చెల్లింపు. రూ.10,000 పెట్టినవాళ్లకు మొదటి మూడేళ్లూ ఏడాదికి రూ.825 వస్తుంది. మూడో ఏడు చివర రూ.2,500 అసలు చేతికొస్తుంది కనుక నాలుగో ఏటి నుంచి వడ్డీ రూ.618.75కి తగ్గుతుంది. నర్మద నీళ్లు తోడే పంపుల కరెంటు కోసం జాలూద్‌లో 60 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రానికని ఈ డబ్బు. అక్కడ ఎండ కాసినా కాయకపోయినా వాయిదా రోజుకు నగరపాలక సంస్థ కట్టాల్సిందే. దీన్ని అప్పు అనకుండా ఇంకేమంటాం?

ఇంకొకటి. ‘8.25 వడ్డీ’ అని వదిలేయకండి, ‘ఏడాదికి’ అని తప్పక రాయండి. రూపాయి వడ్డీ అంటే మనకు నెలకు నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతం. ఆ లెక్కలో ఇది 69 పైసల వడ్డీ.

బదులు 4:
కరపత్రంలో ‘గ్రీనియం’ వస్తే ‘హరిత ప్రీమియం’ అనకండి. ప్రీమియం అనగానే మనవాళ్లకు బీమా వాయిదా గుర్తొస్తుంది. ‘రాయితీ’ అన్నా తప్పే, సర్కారు ఇచ్చిందనుకుంటారు. పని పచ్చనిది కనుక అప్పిచ్చేవాళ్లు కొంచెం తక్కువ వడ్డీకి ఒప్పుకోవడం, అంతే. ‘పచ్చదనానికి తగ్గిన వడ్డీ’ అంటే చాలు. ఈ తగ్గుదలను బేసిస్ పాయింట్లలో చెబుతారు, ఒక్కో పాయింటు శాతంలో నూరో వంతు. రూ.1,000 కోట్ల అప్పు మీద 5 బేసిస్ పాయింట్లు తగ్గితే ఏడాదికి మిగిలేది రూ.50 లక్షలు. ఈ లెక్క పక్కన లేకపోతే ఆ మాట ఏ పేరుతో రాసినా గాలిలో తేలుతుంది.

బదులు 2:
‘సస్టైనబిలిటీ లింక్డ్ బాండ్’ని కూడా హరిత బాండు అనేస్తున్నారు, జాగ్రత్త. గ్రీన్ బాండులో కట్టుబాటు డబ్బు వాడే పని మీద. రెండోదానిలో డబ్బు దేనికైనా వాడుకోవచ్చు, కట్టుబాటు ఫలితం మీద. ఇటలీ కరెంటు కంపెనీ ఎనెల్ 2019లో అలాంటివి మొదలుపెట్టింది. 2023 నాటికి కర్బన ఉద్గారాలు ఇంతకు తగ్గిస్తామన్న లక్ష్యం తప్పింది, షరతు ప్రకారం వడ్డీ 0.25 శాతం పెరిగింది. దీనికి ‘లక్ష్యం షరతు బాండు’ అంటాను నేను. ‘సుస్థిరతా అనుసంధానిత’ అంటే నోరు తిరగదు, అర్థమూ కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలండీ. సవరించాను: “సౌర విద్యుత్ కేంద్రం కోసం ఇందౌర్ నగరపాలక సంస్థ 2023లో హరిత రుణపత్రాలు (గ్రీన్ బాండ్లు) అమ్మి, ఏడాదికి 8.25 శాతం వడ్డీకి ప్రజల దగ్గర, సంస్థల దగ్గర రూ.244 కోట్లు అప్పు తీసుకుంది.”

బదులు 3:
బాగుందండీ. చివర ‘తొమ్మిదేళ్లలో నాలుగు విడతలుగా తీర్చాలి’ అని కూడా చేర్చండి.