వార్డుల వారీ ఓటరు జాబితా: ఒకే ఇంటి ఓట్లు రెండు వార్డుల్లో పడకుండా ఎలా చూస్తున్నారు?

మున్సిపల్ ఎన్నికల కోసం అసెంబ్లీ జాబితాను వార్డులకు విడగొట్టిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

అసెంబ్లీ పార్టు (ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఉండే జాబితా భాగం) హద్దులు వేరు, వార్డు హద్దులు వేరు. ఒక్కో పార్టు రెండు మూడు వార్డుల్లోకి చీలుతుంది. అసలు చిక్కు డోర్ నంబర్లతోనే. ఒకే ఇంట్లో మామగారి పేరు పాత నంబరు 4-112 మీద, కోడలి పేరు కొత్త నంబరు 6-3-45 మీద ఉంటే చెరో వార్డుకి పోతారు. పైగా ఎక్సెల్‌లో 4-11 కొడితే తేదీ అయి కూర్చుంటుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

వార్డు మ్యాపు, ఆస్తి పన్ను రిజిస్టరు దగ్గర పెట్టుకుని బిల్ కలెక్టర్లతో వీధి వీధీ సరిచూడటం తెలిసిన దారే. ముసాయిదాపై అభ్యంతరాలొస్తే వార్డు మార్చగలం. అసెంబ్లీ జాబితాలోనే లేని పేరును మాత్రం మనం చేర్చలేం, ఆ ఓటరే ఫారం-6 (కొత్తగా ఓటు నమోదుకు దరఖాస్తు) పెట్టుకోవాల్సిందే. ఇది జనానికి ముందే చెప్పకపోతే పోలింగ్ రోజు బూత్ దగ్గర గొడవలే.

పాత, కొత్త నంబర్లు జతచేసే పట్టిక మీరెలా తయారుచేశారు? హద్దు వీధిలో ఎడమ వరస ఒక వార్డు, కుడి వరస ఇంకో వార్డు అయినచోట, నంబరే లేని ఇళ్లను దేన్నిబట్టి తేల్చారు?