మైనరు మనుమరాలు ఉండగా ట్రస్టు షరతు మార్చాలంటే కోర్టుకు వెళ్లక తప్పదా?

బ్రాడీపేట ట్రస్టీ:
సభ్యులకు నమస్కారం. మా నాన్నగారు గుంటూరు బ్రాడీపేటలోని ఇంటిని రిజిస్టరు దస్తావేజు ద్వారా ట్రస్టుగా ఏర్పాటు చేసి, అద్దెలు నలుగురు మనుమల చదువులకు వినియోగించాలనీ, ఇల్లు అమ్మరాదనీ రాశారు. ట్రస్టీని నేను. ముగ్గురు మేజర్లు అమ్మకానికి ఒప్పుకున్నారు. నాలుగో ఆమె, కాలం చేసిన మా తమ్ముడి కూతురు, తొమ్మిదో తరగతి చదువుతోంది. పై అంతస్తు శ్లాబు పెచ్చులూడుతోంది. వాన పడితే అద్దెకున్నవారు వంటగదిలో రెండు స్టీలు బిందెలు పెట్టుకుంటున్నారు. అద్దె మరమ్మతులకే చాలడం లేదు. అమ్మి నలుగురికీ సమానంగా పంచుదామంటే జిల్లా కోర్టు అనుమతి కావాలని వకీలు అంటున్నారు. ఇంటివాళ్లందరూ ఒప్పుకున్నాక కోర్టు దేనికి?

అరండల్‌పేట న్యాయవాది:
అందరూ ఒప్పుకోలేదండీ, ముగ్గురే ఒప్పుకున్నారు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ దస్తావేజులోని ఆదేశాలను పాటించి తీరాలి. ఒప్పందం చేసుకోగల అర్హత ఉన్న లబ్ధిదారులందరూ సమ్మతిస్తేనే వాటిని మార్చుకోవచ్చు. మైనరుకు ఆ అర్హత లేదు కనుక ఆమె తరఫున సమ్మతి ఇచ్చే అధికారాన్ని అదే సెక్షన్ ప్రధాన సివిల్ కోర్టుకు, అంటే మీ విషయంలో జిల్లా కోర్టుకు, అప్పగించింది. కోర్టు అక్కడ మీకు అడ్డుపడటానికి కూర్చోలేదు, ఆ పిల్ల తరఫున మాట్లాడటానికి కూర్చుంది.

పటమట పాఠకుడు:
తల్లి సంతకం చాలదా? మా విజయవాడలో ఒక చిన్న వాటా కేసుకే ఏడేళ్లు తిరిగాను. కోర్టు గుమ్మం ఎక్కితే ఆ శ్లాబు తీర్పుకు ముందే కూలుతుంది.

తెనాలి రైతుబిడ్డ:
నాకు పదేళ్లప్పుడు మా నాన్న పోయారు. నా పేరున ఉన్న నలభై సెంట్ల మాగాణిని, అమ్మ చేత సంతకం పెట్టించి, బంధువే ఒకరు అమ్మించారు. మైనరు స్థిరాస్తిని సహజ సంరక్షకులు అమ్మాలంటే కోర్టు ముందస్తు అనుమతి ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ చెబుతుందని నాకు ఇరవై మూడేళ్లకు తెలిసింది. మేజరైన మూడేళ్లలోపు దావా వేయాలట. గడువు దాటిపోయింది. ఆ పొలం పక్క నుంచే ఇప్పటికీ బస్సులో వెళ్తుంటాను. తల్లి సంతకం చాలదా అని ఇంకెవరూ అడగకండి.

అరండల్‌పేట న్యాయవాది:
మీ బాధ నిజం, కానీ అది సంరక్షకుల చట్టం. ఇక్కడ ఆస్తి ట్రస్టీ పేరున ఉంది. దారి వేరైనా చేరేది కోర్టుకే. దస్తావేజు రిజిస్టరైంది కాబట్టి కొనేవారు ‘మాకు తెలియదు’ అనలేరు. అటువంటి ఆస్తిని లబ్ధిదారులు కొన్నవారి చేతుల్లోంచి కూడా వెంబడించవచ్చని ట్రస్టుల చట్టం 63వ సెక్షన్ అంటోంది. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి, లింకు డాక్యుమెంట్లు చూసిన ఏ వకీలైనా కొనుగోలుదారును ఆపుతాడు.

సత్యనారాయణపురం ఉపాధ్యాయిని:
నా ప్రశ్న ఒక్కటే. ‘అమ్మరాదు’ అని ఆయన రాశారా, లేదా? రాశారు. రాసిన మనిషి లేనప్పుడు ఆ మాటను మార్చే హక్కు కోర్టుకు మాత్రం ఎక్కడిది?

అరండల్‌పేట న్యాయవాది:
అమ్మా, ఆ సందేహం ఇంగ్లండులోనూ వచ్చింది. 1954లో చాప్‌మన్ కేసులో, పిల్లల తరఫున ట్రస్టు షరతులు మార్చే సాధారణ అధికారం కోర్టులకు లేదని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తేల్చింది. దాంతో 1958లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, మైనర్ల తరఫున, ఇంకా పుట్టనివారి తరఫున కూడా ఆమోదించే అధికారం కోర్టులకు ఇచ్చింది. మనకు అంత విశాలమైన చట్టం లేదు, 11వ సెక్షన్ ఉంది. మీ దస్తావేజులో ‘పుట్టబోయే మనుమలు’ అన్న మాట ఉంటే ముందే చెప్పండి, చిక్కు ముదురుతుంది.

బ్రాడీపేట ట్రస్టీ:
ఆ మాట లేదు. 34వ సెక్షన్ కింద సలహా కోరుతూ చిన్న పిటిషన్ వేస్తే సరిపోదా?

అరండల్‌పేట న్యాయవాది:
అది ట్రస్టు నిర్వహణలో సందేహం వచ్చినప్పుడు అడిగే దారి. షరతునే తిరగరాయడానికి పనికిరాదు.

పటమట పాఠకుడు:
ప్రతిదానికీ ఒక సెక్షన్! ఫీజుల కోసమేనా ఇదంతా?

అరండల్‌పేట న్యాయవాది:
ఇది నా కేసు కాదు, నాకు పైసా రాదు. ఆ మాట వెనక్కు తీసుకోండి. ట్రస్టీగారూ, మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను: పాప తల్లి ఏమంటున్నారు? ఇంతసేపూ ఆవిడ మాట మీరు ఒక్కటీ రాయలేదు.

బ్రాడీపేట ట్రస్టీ:
అడిగారు కనుక చెబుతున్నాను. మా మరదలు అమ్మకానికి అడ్డు చెప్పలేదు. పాప వాటాను ఆమె పేరనే బ్యాంకులో డిపాజిట్ చేసి, పద్దెనిమిది నిండేవరకు ఎవరూ ముట్టకూడదంటోంది. ఆ సొమ్ము మా పెద్దబ్బాయి మొదలుపెట్టే కోల్డు స్టోరేజీలో పెడితే బ్యాంకు వడ్డీకి మించి ఇస్తానన్నాను. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆ పిల్ల స్కూలు ఫీజు కట్టింది నేను. అయినా నన్ను నమ్మకుండా కోర్టునే అడగమంది. అదే నన్ను తొలుస్తోంది.

తెనాలి రైతుబిడ్డ:
ఆవిడ సరిగ్గానే అడిగింది. నా పొలం అమ్మించినాయన కూడా నాకు పుస్తకాలు కొనిపెట్టినవాడే.

అరండల్‌పేట న్యాయవాది:
అయితే మీ ఇద్దరి తగాదా ఇల్లు అమ్మడం గురించి కాదు. పిటిషన్‌లో పాప వాటా ఆమె మేజరయ్యేవరకు డిపాజిట్‌లో ఉంటుందనీ, చదువు ఖర్చులకు వడ్డీ మాత్రమే తీస్తామనీ మీరే రాయండి. ఇంజనీరు చేత శ్లాబు పరిస్థితిపై నివేదిక రాయించి జతచేయండి. అమ్మకం పాపకు మేలని కోర్టుకు నమ్మకం కలగాలి. కోల్డు స్టోరేజీ మాట అందులో ఉంటే కలగదు.

బ్రాడీపేట ట్రస్టీ:
రేపు మరదలి ఇంటికి వెళ్లి ఈ రెండు మాటలూ ఆమె ముందే కాగితం మీద రాస్తాను.

సత్యనారాయణపురం ఉపాధ్యాయిని:
‘అమ్మరాదు’ అన్నదానికి నాకు ఇంకా జవాబు రాలేదు.