బర్లెస్క్ స్టూడెంట్ షో: చీర కట్టుకుని స్టేజీ ఎక్కి, అక్కడే తీసెయ్యాలి. ఎలా?

కొత్తగజ్జె

నమస్తే అండీ. డల్లాస్ దగ్గర ఎనిమిది వారాల బర్లెస్క్ (ఆటపట్టిస్తూ ఒక్కొక్క బట్టా తీసే స్టేజీ నృత్యం) క్లాసు, చివర్లో స్టూడెంట్ షో. ఒక్కదాన్నే, నాలుగు నిమిషాల పాట. కూచిపూడి వచ్చు కాబట్టి నడకకీ చూపుకీ తాళానికీ ఇబ్బంది లేదు. తిప్పలన్నీ బట్టలతోనే. చీర, జాకెట్టు, లంగా, మోచేతులు దాటే సాటిన్ గ్లవ్స్. వరుసగా ఒక్కొక్కటీ తీస్తూ పోతే చివరికి పేస్టీలు (చనుమొనలు కప్పేలా అంటించుకునే అలంకార బిళ్ళలు), కింద రాళ్ళపని చేసిన ఇన్నర్ మిగలాలి.

చీర ఎలా కడితే సాఫీగా వస్తుంది? పేస్టీలు కొనాలా, చేసుకోవాలా? దేంతో అంటించాలి? ఆ రోజు వెంట ఏం తీసుకెళ్ళాలి? "మన ఆడపిల్లలు ఇలాంటివి చేయొచ్చా" అనే చర్చ మాత్రం ఇక్కడ వద్దు, దయచేసి.

సూదీదారం

కూచిపూడి ఆహార్యంలో లెక్క ఒక్కటే: ఏదీ ఊడకూడదు. అందుకే జడ దగ్గర్నుంచి వడ్డాణం దాకా పిన్నీసులూ దారాలూ. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. మీరు అనుకున్న క్షణం దాకా కదలకూడదు, అనుకున్నాక చూడకుండా, ఒంటిచేత్తో, రెండు సెకన్లలో రావాలి. కాబట్టి ఇంట్లో ఉన్న సెట్టు అలాగే వాడకండి, ప్రతి బిగింపూ మార్చి కుట్టాల్సిందే.

ముందు చీర. పట్టు వద్దు. జరీ బరువు ఒకటి, పైగా తీశాక నేలమీద గుట్టలా నిలబడుతుంది. జార్జెట్ గానీ షిఫాన్ గానీ తీసుకోండి, మామూలు 5.5 మీటర్లది, రాళ్ళూ చమ్కీలూ లేనిది. రాళ్ళుంటే గ్లవ్స్ సాటిన్‌ని పట్టి లాగుతాయి. లంగా మాత్రం కాటన్‌దే. సాటిన్ లంగా మీద జార్జెట్ మీరు అడక్కుండానే జారిపోతుంది.

చీర చాలా పొడవు కదా, విప్పడానికి ఎంతసేపో అని అందరూ భయపడతారు. నిజానికి ఒంటి చుట్టూ తిరిగేది రెండు చుట్లే, మిగతాదంతా కుచ్చిళ్ళలోనూ కొంగులోనూ ఉంటుంది. అయిదంగుళాల కుచ్చిళ్ళు ఏడు పెడితే 70 అంగుళాలు, అంటే దాదాపు 1.8 మీటర్ల గుడ్డ. కుచ్చిళ్ళు లాగిన మరుక్షణం అదంతా మీ పాదాల ముందు పడుతుంది. హీల్స్‌తో ముందుకు ఒక్క అడుగేశారా, బోర్లా పడతారు. అందుకని నాలుగు కుచ్చిళ్ళే పెట్టి, మిగిలిన గుడ్డ కొంగుకి వదలండి. కొంగు పొడుగైతే ఆడించడానికీ బావుంటుంది.

తీసే వరుస ఇదీ. భుజం మీద కొంగు వదిలి, దాంతో ఎంతసేపు ఆడుకోవాలో ఆడుకోండి. తర్వాత కొంగు చివర పట్టుకుని ఎడమ భుజం వైపు ఒక చుట్టు తిరగండి. కుడివైపు తిరిగితే ఇంకా బిగుస్తుంది, కంగారులో చాలామంది చేసే తప్పు ఇదే. ఆ చుట్టు వదిలాక కుచ్చిళ్ళు అందుతాయి. అవి లాగుతూ ఒక అడుగు వెనక్కి వేయండి, ముందుకి కాదు. మళ్ళీ ఎడమకే ఇంకో చుట్టు, చీర చేతిలోకి వచ్చేస్తుంది. పైట కుడి భుజం మీద వేసేవాళ్ళకి ఇదంతా తిరగేసి చదువుకోవాలి.

ఎక్కడా పిన్నీసు పెట్టొద్దు. భుజం మీద ఒక పెద్ద టిచ్ బటన్ కుట్టుకోండి, సగం కొంగుకి, సగం జాకెట్టుకి. జారిన పిన్నీసు తర్వాత వచ్చేవాళ్ళ అరికాల్లో తేలుతుంది.

లంగా బొందు తీసి పారేయండి. చెమటకి ముడి బిగిసిందంటే పళ్ళతో కూడా రాదు. నడుంపట్టీ వెనక సగం అంగుళం వెడల్పు ఎలాస్టిక్, ముందు గట్టి పట్టీ, దానికి ప్యాంటుకి వాడే పెద్ద హుక్కులు రెండు. పక్క కుట్టు పైనుంచి కిందిదాకా విప్పేసి అంచు మడిచి కుట్టండి. హుక్కులు తీయగానే లుంగీలా విడిపోతుంది, హీల్స్ మీదుగా లాగే పని ఉండదు. చీర బరువంతా ఆ పట్టీ మీదే కాబట్టి అక్కడ మెత్తటి గుడ్డ పనికిరాదు.

మన జాకెట్టుకి హుక్కులు ముందే ఉంటాయి కాబట్టి ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఆ అయిదారు హుక్కుల బదులు టిచ్ బటన్లు వేసి, పైకి హుక్కుల్లా కనిపించేలా ఉత్త హుక్కులు కుట్టండి. అయితే అన్నీ టిచ్ బటన్లయితే చేతులెత్తి గట్టిగా ఊపిరి పీల్చగానే టపటపా ఊడతాయి, అందుకని అడుగున ఒక్కటి అసలు హుక్కే ఉంచండి. చేతులు బిగుతుగా ఉండకూడదు. తడి చర్మం మీద బిగుతు చెయ్యి తిరగబడుతుంది తప్ప రాదు. వెల్క్రో జోలికి పోవద్దు, మేజోళ్ళని చీరేస్తుంది, చప్పుడు ఆఖరి వరస దాకా వినిపిస్తుంది.

మూడోగంట

చీర సంగతి పైన బాగా చెప్పారు. పేస్టీలు మొదటిసారి మీరే చేసుకోండి, కొన్నవి సైజు కుదరవు.

బక్రం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) మీద సుమారు మూడంగుళాల వ్యాసంతో రెండు వృత్తాలు గీయండి. నల్లటి భాగం పూర్తిగా కప్పి చుట్టూ అరంగుళం మిగలాలి, సైజు దాన్నిబట్టే. అంచు నుంచి నడిమి దాకా ఒక గాటు పెట్టి, అంచుల్ని అరంగుళం ఒకదాని మీదకొకటి జరిపితే బోర్లించిన గరాటులా అవుతుంది. అక్కడే కుట్టేయండి. లోపల మీ చర్మం రంగుకి దగ్గరగా పల్చటి ఫెల్ట్, పైన మీకు నచ్చిన గుడ్డ. రాళ్ళు ఎస్ఎస్ 16, ఎస్ఎస్ 20 సైజులు (4 నుంచి 5 మిల్లీమీటర్లు) కలిపి అంటిస్తే సందులు నిండుతాయి. E6000 అనే జిగురు గట్టిగా పట్టుకుంటుంది, కానీ ఘాటు. కిటికీలు తీసి పనిచేయండి, పూర్తిగా ఆరడానికి కనీసం 24 గంటలు వదలండి, మూడు రోజులైతే మేలు. షో ముందు రాత్రి కూర్చుని అంటించినవి స్టేజీ మీద రాలతాయి.

పేస్టీలకి వేలాడే కుచ్చులు తిప్పాలనుంటే మొన దగ్గర చేపల గాలానికి వాడే స్వివెల్ (గిర్రున తిరిగే చిన్న లోహపు కొక్కెం) పెట్టండి. అది లేకపోతే కుచ్చు దారం మెలిపడి రెండు చుట్లకే ఆగిపోతుంది. తిప్పే బలం భుజాల్లోంచి కాదు, మోకాళ్ళ ఊపులోంచి వస్తుంది.

అంటించడానికి విగ్గులకి వాడే రెండువైపుల టేపు. చిన్న ముక్కోణాలుగా కోసి లోపలి అంచు చుట్టూ పూరేకుల్లా పెట్టండి, సరిగ్గా నడిమిన మాత్రం చిన్న దూది ముక్క ఉండాలి, టేపు కాదు. ఆ రోజు ఒంటికి లోషన్, నూనె, మెరుపు క్రీము ఏదీ రాయొద్దు. షేవింగ్ ముందురోజే. స్పిరిట్ వైప్‌తో తుడిచి పూర్తిగా ఆరాక, స్టేజీ ఎక్కే అరగంట ముందు అంటించి అరచేతి వేడితో నొక్కి పట్టండి. ఇంటి దగ్గరే అంటించుకుని కారెక్కితే సగం పట్టు దారిలోనే పోతుంది.

గ్లవ్స్ ఒక సైజు పెద్దవి కొనండి, లోపల కాస్త పౌడరు చల్లండి. తీసే ముందు పై అంచుని రెండంగుళాలు కిందికి దొర్లిస్తే చెమట పట్టు వదులుతుంది. చిటికెన వేలి నుంచి ఒక్కో వేలి కొసా పంటితో కొద్దికొద్దిగా లాగి, చివర్లో నడిమి వేలు పట్టి మొత్తం లాగాలి. ఒకే లాగుడుకి వస్తుందనుకుంటే మణికట్టు దగ్గర ఇరుక్కుంటుంది. గాజులు ముందు తీయాలి, గ్లవ్స్ తర్వాత. అసలు మట్టిగాజులే వద్దు, పగిలిన ముక్క స్టేజీ మీద కనబడదు.

పొడిచెమట

టేపు దగ్గర మాత్రం నాది వేరే మాట. చీర, జాకెట్టు కింద మూడు నిమిషాలు ఉక్కపోసి తడిశాక టేపు అంచు లేస్తుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి ప్రాస్-ఎయిడ్ (మేకప్‌లో వాడే చర్మం జిగురు) మేలు. పల్చగా రెండువైపులా రాసి, తెల్లగా ఉన్నది పారదర్శకమయ్యేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. తెల్లగా ఉండగానే నొక్కితే జారుతుంది, తప్పంతా జిగురు మీదకి తోస్తారు. స్పిరిట్ గమ్ (నాటకాల్లో మీసాలు అంటించే జిగురు) చవక, కానీ సున్నితమైన చర్మానికి మంట. ఏది వాడినా వారం ముందే మోచేతి మడతలో చుక్క రాసి 24 గంటలు చూడండి.

తీయడానికి కొబ్బరినూనె. అంచుల్లో పట్టించి మూడు నిమిషాలు ఆగి మెల్లగా దొర్లించండి. ప్రాస్-ఎయిడ్ మొండికేస్తే దాని రిమూవరే వాడాలి. ఊడబీకితే చర్మం లేచిపోతుంది.

మూడోగంట

ఒప్పుకుంటాను, చెమట ఎక్కువైతే జిగురే. ఒక పని చేయొచ్చు: రిహార్సల్‌కి ముందు పది నిమిషాలు పరుగెత్తి, ఆ తడితోనే మొత్తం యాక్ట్ చేసి చూడండి. ఏది పట్టుకుంటుందో అప్పుడే తేలుతుంది. పూర్తి బట్టలతో, అవే హీల్స్‌తో, కనీసం పదిహేనుసార్లు. ఫోన్లో తీసి చూసుకోండి, అద్దం అబద్ధం చెబుతుంది.

ఇంకోటి. చీర తీయడమొక్కటే యాక్ట్ కాదండీ. బర్లెస్క్ అనే మాటకి మూలం ఇటాలియన్ 'బుర్లా', అంటే వేళాకోళం. 1868లో లిడియా థామ్సన్ బృందం ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చి ఊపేసింది వెక్కిరింపు నాటకంతోనే. ఒళ్ళు చూపించడం తర్వాత్తర్వాత ముదిరింది. 1937 నాటికి న్యూయార్క్ నగరం బర్లెస్క్ థియేటర్లకి లైసెన్సులు ఆపేసేదాకా వెళ్ళింది. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాలీ రాండ్‌కి పేరొచ్చింది నిప్పుకోడి ఈకల విసనకర్రలతో దాచడం వల్లే. మీకిది కొత్త కాదు. భామాకలాపంలో సత్యభామ ముందు తెర మీదుగా జడ వేస్తుంది, మొహం తర్వాత కదా. అదే నేర్పు. మొదటి 45 సెకన్లు ఏమీ తీయకండి, మీ పాత్ర ఎవరో చెప్పండి. మొదటి గ్లవ్ నిమిషం దగ్గర, చీర రెండో నిమిషమంతా, జాకెట్టు మూడున్నర దగ్గర. ఆఖరి పావు నిమిషం కూడా ఖాళీగా ఉంచండి, ఏదో ఒకటి ఆలస్యమవుతుంది.

ఏదైనా ఇరుక్కుంటే రెండు ప్రయత్నాలు, అంతే. రాలేదా, వీపు తిప్పి భుజం మీదుగా జనాన్ని చూసి కనుబొమ ఎగరేసి, దాన్ని ఉంచుకునే ముగించండి. మూడోసారి లాగితే జనం మిమ్మల్ని కాదు, హుక్కుని చూస్తారు.

తెరవెనక

మీ యాక్ట్ అయ్యాక నేలమీది బట్టలు ఏరేవాళ్ళని స్టేజ్ కిటెన్ అంటారు. ఆ అమ్మాయికి కాగితం మీద లెక్క రాసివ్వండి: చీర 1, గ్లవ్స్ 2, జాకెట్టు 1, లంగా 1, గాజులు ఎన్ని. ఏది ఏ మూలకి విసురుతారో కూడా. జనంలోకి ఏమీ విసరొద్దు, తిరిగి రాదు. మెరుపుపొడి, పూలరేకులు వాడాలంటే థియేటర్ వాళ్ళని ముందే అడగండి. చాలాచోట్ల మెరుపుపొడి నిషేధం, తర్వాతి యాక్ట్ కాళ్ళకి అంటుకుని జారుతుంది.

పాట ఎంపీ3గా పంపండి, మొదట్లో ఖాళీ సెకన్లు కత్తిరించి. ఫైలు పేరులోనే మీ స్టేజీ పేరు, "నిలబడ్డాక పాట" లేదా "పాట మొదలయ్యాక ప్రవేశం" అని ఉండాలి. సౌండ్ మనిషికి ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం లేదు. అదే పాట ఫోన్లో ఒకటి, యూఎస్‌బీలో ఒకటి. ఎర్ర చీరైతే ఎర్ర లైటు అడగొద్దు, పనితనమంతా మాయమవుతుంది. మన చాయకి అంబర్, లేత ఊదా బావుంటాయి, ఆకుపచ్చ శవంలా చూపిస్తుంది.

సంచిలో: దారం ఎక్కించి పెట్టిన సూదులు రెండు, టేపు, జిగురు, అదనపు పేస్టీల జత, అదనపు ఇన్నర్, స్పిరిట్ వైప్స్, కొబ్బరినూనె, నల్ల రోబ్, చెప్పులు, లిప్‌స్టిక్ చెరగకుండా నీళ్ళకి స్ట్రా. గ్రీన్ రూమ్ దాటితే రోబ్ వేసుకోవాలి, లోపల ఎవరి ఫోటోలూ తీయకూడదు, మరొకరి బట్టలు ముట్టుకోకూడదు. ఈ మూడిట్లో ఒకటి తప్పినా మళ్ళీ పిలవరు.

కొత్తగజ్జె

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు షోకి డబ్బు తీసుకోవచ్చా? ఫోటోలు చుట్టాల ఫోన్లదాకా పోకుండా ఏం చేయాలి?

పేరెందుకులెండి

హెచ్-1బి అంటే పిటిషన్ వేసిన కంపెనీ పని మాత్రమే. షోకి ఇచ్చే యాభై డాలర్లైనా, టిప్పుల బకెట్లో వాటా అయినా బయటి పనికి జీతం కిందకే రావచ్చు. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ భార్యాభర్తల వీసా) కీ అదే చిక్కు. మామూలుగా డబ్బిచ్చే పనిని ఉచితంగా చేస్తానన్నా సమస్య కావచ్చు. మీరే ఫీజు కట్టి నేర్చుకుంటున్న క్లాసు ముగింపు ప్రదర్శన వేరే సంగతి. ఏదైనా ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించుకోండి, నిర్మాత మాట మీద ఆధారపడొద్దు.

పేస్టీలు కేవలం అలంకారం కోసం కాదు, అదీ గుర్తుంచుకోండి. 1991లో ఇండియానా కేసులో అవీ జీ-స్ట్రింగూ (సన్నటి లోదుస్తు) తప్పనిసరి చేసే చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. మద్యం అమ్మే చోట నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, ఒక అంచు లేచినా థియేటర్ లైసెన్సుకి తంటా. అందుకే అదనపు జత.

ఫోటోల విషయం: స్టేజీ పేరుకి వేరే ఈమెయిల్, వేరే అకౌంట్, కాంటాక్ట్స్ సింక్ ఆపేయండి. లేకపోతే "మీకు తెలిసినవారు కావచ్చు" అంటూ బాబాయికి మీ ప్రొఫైల్ చూపిస్తుంది. ఫోటోగ్రాఫర్‌కి షో ముందే రాతపూర్వకంగా చెప్పాలి, మొహం వద్దంటే వద్దని. ప్రేక్షకుల్ని ఫోన్లు తీయొద్దనమని వ్యాఖ్యాతని అడగొచ్చు, కానీ నూటికి నూరుపాళ్ళు ఆపలేరు. తెలిసిన కమ్మలు, పచ్చబొట్టు, ఇంట్లో అందరూ చూసిన చీర మాత్రం వాడకండి.

కొత్తగజ్జె

అయ్యో, చీర అమ్మదే అనుకున్నాను. కొత్తది కొంటాను. ఫాల్ కుట్టించాలా, వద్దా?

సూదీదారం

కుట్టించండి. ఆ బరువుంటేనే జార్జెట్ గాల్లో తేలకుండా తిన్నగా పడుతుంది. కానీ దుకాణంలో వేసే పొడవాటి కుట్లు హీల్ మొనకి తగులుకుంటాయి, చేత్తో దగ్గరదగ్గరగా కుట్టించుకోండి. నైలాన్ దారం కాదు, కాటన్. తగులుకున్నా తెగిపోతుంది, మిమ్మల్ని పడెయ్యదు.