వెబర్ కెటిలా, కమాడోనా, మూతే లేని సీకుల పొయ్యా? పెరట్లో బొగ్గు గ్రిల్‌కి మీ ఓటు దేనికి

కొత్తిల్లు_ఫ్రిస్కో:
అందరికీ నమస్తే అండీ. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నాం. ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గు ముట్టించనివ్వలేదు, ఇప్పుడు పెరడు వచ్చింది కాబట్టి ఇక ఆగేది లేదు. బొగ్గే కావాలి గ్యాస్ వద్దు, అంతవరకు ఇంట్లో తేలిపోయింది, తేలనిదల్లా ఏ గ్రిల్ అన్నదే. నాకేమో 22 అంగుళాల వెబర్ కెటిల్ (మూతున్న గుండ్రటి రేకు గ్రిల్) చాలనిపిస్తోంది, మా తమ్ముడు మాత్రం కొంటే కమాడో (గుడ్డు ఆకారంలో ఉండే మందపాటి సిరామిక్ పొయ్యి) కొను, మళ్లీ జన్మలో ఇంకోటి కొనక్కర్లేదు అని రోజూ ఫోన్ చేసి తినేస్తున్నాడు. మేం చేసుకునేవి తంగ్డీ, టిక్కా, సీక్ కబాబ్, మేక చాప్స్, చేపలు, ఎప్పటికైనా ఒక బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ము మాంసం పెద్ద ముక్క) చేసి చూడాలని కోరిక. మామూలుగా నలుగురం, అప్పుడప్పుడు వీకెండ్‌కి రెండు మూడు ఫ్యామిలీలు. ఒక మెలిక ఉంది, వేసవిలో అత్తయ్యగారు మావయ్యగారు వస్తారు, ఇద్దరూ శాకాహారులు, మాంసం కాల్చిన కమ్మీల మీద పెట్టింది ముట్టరు. ఏం చేద్దాం?

బొగ్గుల_బాబాయ్:
22 కెటిల్ తీసేసుకోండి, మళ్లీ ఆలోచించొద్దు. మీ లిస్టులో సగం వాటికి కావాల్సింది రెండు రకాల సెగ, ఒక పక్క ఎర్రటి నిప్పులు, ఇంకో పక్క నిప్పులే లేని ఖాళీ. చికెన్ కాలు పెరుగూ కారం పట్టించి తిన్నగా నిప్పుల మీద పెడితే పైన మాడి మసైపోతుంది, ఎముక దగ్గర ఇంకా పచ్చిగానే ఉంటుంది, అదే ఖాళీ పక్కన పెట్టి మూతేసి అరగంట పైన వదిలేసి ఆఖర్లో నిప్పుల మీదకి లాగి రంగు తెప్పిస్తే ఇక అడగక్కర్లేదు. లోపల 165 డిగ్రీలు (ఫారన్‌హీట్) వస్తే తినొచ్చు, కానీ కాళ్లకీ తొడలకీ 180 దాకా పోనిస్తేనే ముక్క ఎముకని వదులుతుంది. 18 అంగుళాలది చవక అని దాని జోలికి పోకండి, రెండు పక్కలకీ చోటు చాలదు.

1952లో చికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే ఇనుప పనుల షాపులో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, అక్కడ నీళ్ల మీద తేలే బోయాల కోసం చేసే గోళాన్ని సగానికి కోసి మూతా కాళ్లూ పెట్టిన డిజైన్ ఇది. అప్పట్నుంచీ ఆకారం పెద్దగా మారలేదు, అందుకే ఏ పార్టు పోయినా దొరుకుతుంది. మామూలు మోడల్ రెండొందల డాలర్ల లోపే ఉంటుంది, బూడిద మూసిన డబ్బాలో పడే ప్రీమియం కొంచెం ఎక్కువ. ప్రీమియమే తీసుకోండి, మీ టెక్సాస్ గాలికి తెరిచిన ట్రేలో బూడిద నిలవదు, పక్కింటాయన స్విమ్మింగ్ పూల్లో తేలుతుంది.

గుడ్డు_పార్టీ_అట్లాంటా:
మీ తమ్ముణ్ని నేను కాదు గానీ ఆయన పార్టీయే. బాబాయ్ గారూ, ఆయన బ్రిస్కెట్ అన్నారు, చూశారా లేదా? 225 దగ్గర రాత్రంతా నిలబెట్టాలి. పల్చటి రేకు కెటిల్‌తో గాలి వీచినప్పుడల్లా లేచి కన్నాలు సర్దుతూ కూర్చోవాలి. కమాడోలో బొగ్గు నింపి కింద పైన గాలి సందు వేలెడంత తీసి పడుకుంటే తెల్లారేసరికి అదే వేడి. గోడ మందంగా సిరామిక్, లోపల గాలి తక్కువ పారుతుంది, అందుకని మేక కాలు పెట్టినా పీచుపీచుగా ఎండదు. వంటయ్యాక సందులు మూసేస్తే నిప్పు చచ్చిపోతుంది, మిగిలిన బొగ్గు రేపటికి పనికొస్తుంది. అదే గ్రిల్‌ని 600 దాటిస్తే రాయి మీద నాన్ రెండు మూడు నిమిషాల్లో పొంగి మచ్చలు పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాన్ నుంచి అమెరికా సైనికులు మోసుకొచ్చిన పొయ్యిలు ఇవి, 1974లో మా అట్లాంటాలోనే ఎడ్ ఫిషర్ అనే ఆయన షాపు పెట్టి అమ్మడం మొదలెట్టి తర్వాత బిగ్ గ్రీన్ ఎగ్ చేశాడు. ఖరీదే, పెద్ద సైజుకి వెయ్యి పైమాటే, కానీ పదేళ్లకి లెక్కేసుకోండి.

బొగ్గుల_బాబాయ్:
పదేళ్ల లెక్క కెటిల్‌కీ వేసుకోవచ్చు కదండీ, వర్షంలో నానకుండా చూస్తే పదిహేనేళ్లు కాస్తుంది. మీరు చెప్పని సంగతి నేను చెప్తా. కమాడో వేడి ఎండాకాలం డాబా స్లాబు లాంటిది, సూర్యుడు పోయినా అది దిగదు. పొరపాటున 400 దాటిందా, 250కి రావడానికి గంటలు. ఫ్రెండ్స్ వచ్చారు, ముందు చేపలు తక్కువ సెగ మీద, వెంటనే చాప్స్ ఎక్కువ సెగ మీద, మళ్లీ చికెన్ తక్కువలో అంటే కుదరదు. గుండ్రంగా ఇరుగ్గా ఉండే లోపల రెండు సెగలు పెట్టడమూ కష్టమే. పైగా పెద్దది 160 పౌండ్ల పైన, ఇల్లు మారేటప్పుడు జారి రాయి మీద పడితే రెండు ముక్కలు.

వరంగల్_పోరడు:
మీ ఇద్దరి లొల్లి సూస్తుంటె నవ్వొస్తుంది. అన్న రాసిన లిస్టు మళ్లొకసారి సదువుండ్రి, సీకు, టిక్కా, తంగ్డీ. పాతబస్తీల ఏ సీకుల బండి మీదనన్న మూత సూసిండ్రా? పొడుగు ఇనుప డబ్బా, అడుగున నిప్పులు, రెండంచుల మీద సీకులు, అంతే. కమ్మీలే లేవు గాబట్టి అంటుకునుడు లేదు, విసనకర్ర ఊపితె మంట, ఆపితె సెగ, నీ చెయ్యే థర్మామీటరు. మీ గ్రిల్లులల్ల నిప్పుకు ముక్కకు జానెడు దూరం ఉంటది, సీక్ కబాబ్‌కు నాలుగు వేళ్ల ఎత్తు సాలు, దూరమైతె పైన కాలక ముందే లోపల ఎండి కీమా ఊడి బొగ్గుల పడ్తది. సీకు కూడ గుండ్రంది గాదు, పట్టీ లెక్క చప్పటిది కొను, తిప్పితె మాంసం తిరగాలె గని సీకొక్కటే తిరుగొద్దు.

నేను కొంపల్లిల మా డాబా మీదికి వెల్డింగ్ షాపుల చేయించుకున్న, 3 ఎంఎం ఇనుప షీటు, పక్కలకు కన్నాలు, కింద బూడిద ట్రే. జీఐ షీటు మాత్రం అస్సలు వద్దు, జింకు పూత కాలితె వచ్చే పొగ పీల్చేది కాదు. నాకు తుమ్మ బొగ్గు దొరుకుతది, మీకు టెక్సాస్‌ల మెస్కీట్ ఉంది, అది మన సర్కారు తుమ్మకు దాయాదే. నిప్పురవ్వలు మస్తు ఎగురుతయి, సెగ మాత్రం జబర్దస్త్.

గుడ్డు_పార్టీ_అట్లాంటా:
తమ్ముడూ, సీకు వరకు ఒప్పుకుంటా. కానీ తంగ్డీ, టిక్కా తందూర్ పిల్లలు. తందూర్ అంటే ఏంటి, మందపాటి మట్టి గోడ, కింద నిప్పు, చుట్టూ సెగ. అది నా కమాడోయే కదా.

వరంగల్_పోరడు:
గాదన్నా. తందూర్‌ల పైన నోరు తెరిచే ఉంటది, ముక్కలకెళ్లి కొవ్వు, మసాలా నీళ్లు సీదా నిప్పుల మీద కారి చుయ్యిమంటది, ఆ పొగనే రుచి. నువ్వు బ్రిస్కెట్ కోసం మధ్యల రాతి పలక అడ్డం పెడ్తవ్, ఇగ కొవ్వు నిప్పును ముట్టేదెక్కడిది? పలక తీసేసి కాలుస్తవంటె సరే, అప్పుడు గది మందపు గోడల మామూలు గ్రిల్లే.

గ్యాస్_గోవిందు:
వద్దన్నారు గానీ ఒక మాట. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఆరున్నరకి వచ్చి బొగ్గు ముట్టించి ఇరవై నిమిషాలు కాచుక్కూర్చుని కాల్చి తినేసరికి పిల్లలు సీరియల్ తిని పడుకుంటారు. మూడు బర్నర్ల గ్యాస్ అయితే నాబ్ తిప్పితే అయిపోయె.

బొగ్గుల_బాబాయ్:
గోవిందు గారూ, మంగళవారం ఇంట్లో స్టవ్ మీద పెనం పెట్టుకుంటాం. థ్రెడ్ పేరు చూడండి.

గోదారి_అక్క:
మగాళ్లందరూ మాంసం చుట్టూ తిరుగుతున్నారు, అత్తగారి సంగతి ఒక్కరికీ పట్టలేదు. బాబూ ఫ్రిస్కో, రెండో జత కమ్మీలు కొంటే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. మూత లోపలంతా మాంసం కొవ్వు పొగ పట్టి నల్లగా అట్ట కట్టి ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు ఆ మూత కింద పెట్టిందీ తినరు, వాళ్ల ముందు వాదించి గెలవలేం, గెలవకూడదు కూడా. వాళ్లకి వేరే చిన్నది ఉండాలి. వెబర్‌లోనే స్మోకీ జో అని 14 అంగుళాలది ఉంది, చవకే. అదీ వద్దంటే మూత లేని చిన్న పొయ్యి ఏదైనా, మన బొగ్గుల కుంపటి చేసే పనే అది చేస్తుంది.

వంకాయకి కమ్మీలు కూడా అక్కర్లేదు. పెద్ద వంకాయ తీసుకుని నూనె రాసి నాలుగు చోట్ల గాటు పెట్టి, గాటు పెట్టకపోతే పేలుతుంది, నిప్పుల మీదే పడుకోబెట్టి తొడిమ పట్టుకుని పట్టకారుతో తిప్పండి. తొక్క బొగ్గులా పగిలి లోపల మెత్తబడ్డాక మూత పెట్టిన గిన్నెలో కాసేపు ఉంచితే చేత్తో ఒలుచుకోవచ్చు. పచ్చిమిరపకాయలూ ఆ నిప్పుల మీదే వేడి చూపించి, చింతపండు, పచ్చి ఉల్లిపాయ, ఇంగువ పోపు. గ్యాస్ మంట మీద కాల్చిన వంకాయకి ఈ పొగ వాసన రమ్మన్నా రాదు. తర్వాత మొక్కజొన్న పొత్తులు, సెగ తగ్గాక బూడిదలో చిలగడదుంపలు కప్పేయండి. ముందు పెద్దవాళ్లవి అయ్యాకే మీ చాప్స్, అప్పుడు ఏ గొడవా ఉండదు.

కొత్తిల్లు_ఫ్రిస్కో:
అక్కా, ఇది మా ఆవిడకి చదివి వినిపించా, ఆ చిన్నది అప్పుడే కార్ట్‌లో పడిపోయింది. వరంగల్ తమ్ముడూ, సీకుల వాదన పట్టేసింది, కానీ మూత లేనిదాంట్లో చాప్స్, కాళ్లు ఎలా? బాబాయ్ గారూ, కెటిల్లో సీకు కుదురుతుందా?

బొగ్గుల_బాబాయ్:
కుదురుతుంది. పై కమ్మీలు తీసేయండి, కింద బొగ్గు కమ్మీల మీద పొయ్యి ఇటుకలు రెండు వరసలుగా నిలబెట్టి మధ్యలో నిప్పులు పోసి ఇటుకల మీద సీకులు ఆనించండి. అప్పుడు నాలుగు వేళ్ల ఎత్తే.

వరంగల్_పోరడు:
అట్లయితె నాకు అభ్యంతరం లేదు, మూత మాత్రం పక్కకు పెట్టు. వంగి వంగి నడుం నొప్పి లేస్తె నన్ను తలుసుకో.

గుడ్డు_పార్టీ_అట్లాంటా:
మరి బ్రిస్కెట్? రాత్రంతా కాపలానా?

బొగ్గుల_బాబాయ్:
బ్రికెట్లని (బొగ్గు పొడి అదిమి చేసిన ఉండలు) అంచు వెంబడి పాములా రెండు వరసలు పేర్చి ఒక చివర్నే ముట్టిస్తే ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పోతుంది, ఆరేడు గంటలు 250 అటూ ఇటూగా నిలుస్తుంది. ఆ తర్వాత ఇంకో వరస పేర్చుకోవాలి, ఒకసారి లేవాలి, నిజమే. ఏడాదికి రెండు బ్రిస్కెట్ల కోసం వెయ్యి డాలర్లు పెట్టాలా అన్నదే నా ప్రశ్న. మూత మీదున్న థర్మామీటర్ని మాత్రం నమ్మకండి, అది పైన గాలి వేడి చెప్తుంది, ముక్క పక్కన వేడి వేరే. వైరున్న థర్మామీటర్ ప్రోబ్ ఒకటి కొనుక్కోండి.

గుడ్డు_పార్టీ_అట్లాంటా:
రెండు చేసినవాడు మూడోది చేయకుండా ఆగడు, అప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తారు. ఎవరైనా కమాడో కొంటే రెండు జాగ్రత్తలు. బాగా వేడి మీదున్నప్పుడు మూత ఒక్కసారి ఎత్తొద్దు, రెండంగుళాలు తెరిచి ఆగి అప్పుడు ఎత్తండి, లేకపోతే గాలి లోపలికి దూరి మంట మొహం మీదకి వస్తుంది. లైటర్ ఫ్లూయిడ్ పోయొద్దు, సిరామిక్ ఆ వాసన పీల్చుకుంటుంది.

గోదారి_అక్క:
లైటర్ ఫ్లూయిడ్ ఏ గ్రిల్‌కీ వద్దు నాయనా, పచ్చడి కిరసనాయిలు కంపు కొడుతుంది. చిమ్నీ అని రేకు గొట్టం వస్తుంది, కింద కాగితం ముట్టించి పైన బొగ్గు పోస్తే పావుగంటలో బూడిద రంగు తిరుగుతుంది.

కొత్తిల్లు_ఫ్రిస్కో:
సరే, 22 ప్రీమియం, పక్కన 14 అంగుళాలది, చిమ్నీ ఒకటి, చప్పటి సీకులు. తమ్ముడికి మీరెవరైనా చెప్పండి. ఇంటి వెనక కప్పున్న పాటియో ఉంది, అక్కడ పెట్టుకోవచ్చా?

బొగ్గుల_బాబాయ్:
కప్పు కింద వద్దు. గోడకి పదడుగుల దూరం జరపండి, వినైల్ సైడింగ్ (గోడకి బయట వేసే ప్లాస్టిక్ పలకలు) అయితే సెగకే కరిగి వంగుతుంది. వాన వచ్చిందని గరాజ్‌లోకి అస్సలు లాగొద్దు, తలుపు తీసి ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్ వాసనే రాదు. బూడిద మర్నాటికి కూడా లోపల ఎర్రగా ఉండొచ్చు, మూతున్న ఇనుప బకెట్లో పోసి రెండ్రోజులు ఆగి అప్పుడు చెత్తలో వేయండి.