ఒక్క స్టేజీ కూడా గెలవకుండా టూర్ డి ఫ్రాన్స్ ఎలా గెలుస్తారు?

ప్రశ్న:
ఈ మధ్యే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూడటం మొదలుపెట్టాను. ఒక్కో రోజు రేసులో (దాన్నే స్టేజీ అంటారట) ఒక్కొక్కరు ముందుగా గీత దాటి చేతులు పైకెత్తుతున్నారు, పసుపు జెర్సీ మాత్రం ఇంకెవరి ఒంటి మీదో ఉంటోంది. 2017లో క్రిస్ ఫ్రూమ్ ఒక్క స్టేజీ కూడా గెలవకుండానే టైటిల్ కొట్టాడట. ఇదెలా అండీ?

జవాబు 1:
లెక్కంతా టైముదే. అన్ని స్టేజీల టైమూ కలుపుతారు, మొత్తం ఎవరిది తక్కువైతే వారిదే పసుపు జెర్సీ. గుంపుగా ఫినిష్ చేస్తే అందరికీ ఒకే టైము రాస్తారు. కాబట్టి చదును రోడ్డు మీద స్ప్రింటర్ గెలిచినా అతనికి కలిసొచ్చేది పది సెకన్ల బోనస్ మాత్రమే, కొండలెక్కే రోజు అదంతా పోతుంది. స్ప్రింటర్ల పోటీ ఆకుపచ్చ జెర్సీ కోసం, అది పాయింట్ల లెక్క. 2024లో ఎరిట్రియా కుర్రాడు బినియమ్ గిర్మాయ్ మూడు స్టేజీలు గెలిచి అది తీసుకెళ్లాడు.

జవాబు 2:
సెకన్ల విలువ తెలియాలంటే 1989 టూర్ గురించి చదవండి. నాకు అంతకు మించిన రేసు లేదు.

ముందు ఏడాది గెలిచిన పెద్రో దెల్గాదో లక్సెంబర్గ్‌లో మొదటి రోజు టైమ్ ట్రయల్‌కి (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే స్టేజీ) 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. గడియారం అతని కోసం ఆగలేదు. చివరికి మూడో స్థానం, విజేతకీ అతనికీ తేడా 3 నిమిషాల 34 సెకన్లు.

ఇక చివరి రోజు, జూలై 23. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, మళ్లీ టైమ్ ట్రయలే, ఒక్కొక్కరుగా తొక్కాలి. లోరాన్ ఫిన్యాన్ 50 సెకన్లు ముందున్నాడు. రెండో స్థానంలో ఉన్న గ్రెగ్ లెమాండ్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) వాళ్లు వాడే హ్యాండిల్ బార్ బిగించుకుని, తల మీద గాలిని చీల్చే హెల్మెట్‌తో వచ్చాడు. మధ్యలో టైములు చెప్పొద్దని తన టీమ్ కారుకి ముందే చెప్పేశాడు. 26 నిమిషాల 57 సెకన్లలో పూర్తి చేసి, రేసు ముగిసే పారిస్ వీధి షాంజెలీజే మీద నిలబడి ఎదురుచూశాడు. ఫిన్యాన్ ఉత్త తలతో, వెనక పిలక ఎగురుతుండగా వచ్చి 58 సెకన్లు పోగొట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. 3,285 కిలోమీటర్ల తర్వాత తేడా 8 సెకన్లు!

లెమాండ్ అంటే నాకెంతో గౌరవం. 1987లో వేటలో తూటాలు తగిలి చావు అంచుల దాకా వెళ్లొచ్చిన మనిషి. కానీ అందరూ ఆ హ్యాండిల్ బార్ గురించే మాట్లాడతారు. ఫిన్యాన్‌కి సీటు దగ్గర పుండు లేచింది, సరిగ్గా కూర్చోలేని స్థితిలో ఆ రోజు తొక్కాడు. 1983, 1984 టూర్లు గెలిచినవాడు, అదే 1989లో ఇలాంటిదే అయిన ఇటలీ రేసు ‘జిరో’ కూడా కొట్టాడు. అలాంటివాణ్ని ఎనిమిది సెకన్లకే కుదించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో, చదువుతుంటేనే టెన్షన్‌గా ఉంది! ఇప్పుడు కూడా చివరి రోజు అలాగే పెడతారా?

జవాబు 2:
మామూలుగా పెట్టరు, చివరి రోజు పసుపు జెర్సీ లాక్కోవాలని ఎవరూ ప్రయత్నించరు కూడా. ఒలింపిక్స్ వల్ల 2024లో పారిస్ వదిలి నీస్‌లో ముగించారు, 1989 తర్వాత మళ్లీ అప్పుడే చివరి రోజు టైమ్ ట్రయల్. మీరు మాత్రం ముందు 2020లో 20వ స్టేజీ చూడండి, అదీ టైమ్ ట్రయలే. 57 సెకన్లు వెనకున్న పొగాచార్ ఆ ఒక్క సాయంత్రం రోగ్లిచ్‌ని దాటి 59 సెకన్లు ముందుకెళ్లాడు.