పెట్టుబడిదారుల ఒత్తిడితో సమూహ వేదికలు ఎందుకు మారిపోతాయి?

ప్రశ్న (అమీర్‌పేట నుంచి): హైదరాబాదులోని మా పాఠకుల బృందం రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో చర్చలు నడుపుకుంటోంది. సభ్యులే రాసి, సభ్యులే జీతం లేకుండా పర్యవేక్షించే వేదిక వారి మాటను ఎందుకు పక్కన పెడుతుంది?

జవాబు (తార్నాక నుంచి): పెట్టుబడికి ప్రతిఫలం చూపవలసి రావడమే ముఖ్య కారణమండీ. 2024 మార్చిలో షేర్లను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదు చేయడానికి ముందు, 2023 జూలై 1 నుంచి రెడిట్ తన ఏపీఐని (బయటి యాప్‌లు రెడిట్ సమాచారాన్ని తీసుకునే మార్గాన్ని) ఎక్కువగా వాడే యాప్‌లకు వెయ్యి అభ్యర్థనలకు 0.24 డాలర్ల రుసుము విధించింది. ఆ భారం మోయలేక రెడిట్‌ను చదవడానికి బయటివారు తయారుచేసిన అపోలో వంటి యాప్‌లు మూతపడ్డాయి, రెడిట్‌లోని వేలాది సమూహాలు అదే ఏడాది జూన్ 12న నిరసన తెలిపినా నిర్ణయం మారలేదు. అంత శ్రమించే మోడరేటర్లకు, అంటే చర్చలను పర్యవేక్షించే సభ్యులకు, ఓటు లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

జవాబు (కూకట్‌పల్లి నుంచి): నిజమే, అయితే సర్వర్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. దీనికి భిన్నంగా, 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్‌కు వాటాదారులు లేరు, ప్రధానంగా విరాళాలే ఆధారం. రెడిట్ అలాంటిది కాదు కాబట్టి, మీ చర్చల ప్రతిని ఇప్పుడే విడిగా భద్రపరచుకోండి.