అప్‌డేట్: నోటీసు 'సేస్' అనాలా, 'రీడ్స్' అనాలా?

నోటీసులో ఉన్న విషయాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'సేస్', 'రీడ్స్', 'స్టేట్స్'లో ఏది వాడాలని మొన్న అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

చివరికి నేను రాస్తున్న ఇంగ్లీషు రిపోర్టులో చాలాచోట్ల 'సేస్' ఉంచేశాను. కాగితానికి నోరెక్కడిది అన్న నా అనుమానం అనవసరం; తెలుగులోనూ 'చట్టం ఏం చెబుతోంది' అంటాం మరి! 'రీడ్స్' మాత్రం ఉన్న మాటల్ని ఉన్నట్టు దించినప్పుడే: 'ద సైన్ రీడ్స్', ఆ వెంటనే కోట్స్‌లో 'నో ఎంట్రీ'. 'రీడ్స్' తర్వాత 'దట్' పెట్టి సొంతమాటల్లో సారాంశం రాస్తే అతకదు. నేను నాలుగుచోట్ల సరిగ్గా అదే చేశాను.

ఒప్పందం గురించిన పేరాలో 'స్టేట్స్' ఉంచాను, అక్కడ ఆ బిగువు నప్పింది. 'క్లెయిమ్స్' తీసేశాను, రాసినవాళ్లను నమ్మట్లేదన్న ధ్వని వస్తోంది. 'టెల్స్' తర్వాత 'అస్' మర్చిపోయిన చోటొకటి దొరికితే ఇప్పుడే దిద్దాను.